పెరటి తోటలో కర్ర షెడ్డు: ఏ చెక్క, ఏ పునాది, ఏ రేకు? హైదరాబాద్ వారు తరచుగా అడిగే ప్రశ్నలు

పార, గడ్డపార, మందుకొట్టే పంపు, ఖాళీ కుండీలు, ఎరువు బస్తాలు అన్నీ మెట్ల కింద ఇరికించి విసిగిపోయినవాళ్లు చివరికి పెరట్లో ఒక చిన్న కర్ర షెడ్డు వేద్దామనుకుంటారు. అక్కడినుంచి వచ్చే ప్రశ్నలివి. జవాబులన్నీ హైదరాబాద్ నేలకు, ఎండకు, వానకు సరిపోయేలా రాశాం. లెక్కల కోసం ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ముందు ఏడడుగులు, వెనక ఆరడుగుల ఎత్తు ఉన్న షెడ్డును తీసుకున్నాం.

షెడ్డు మొత్తం టేకుతోనే కట్టాలా?

అక్కర్లేదు. కలప డిపోకు వెళ్లేముందు కాగితం మీద లెక్క వేసుకుంటే మీకే తెలుస్తుంది. పొడవును అడుగుల్లో, వెడల్పును, మందాన్ని అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. డిపోల్లో సీఎఫ్‌టీ అనేది దీన్నే.

మన షెడ్డుకు నేల ఫ్రేము 4×3 అంగుళాల కర్రతో, మధ్యలో రెండు అడ్డ దూలాలతో కలిపి 40 అడుగులు పడుతుంది. అంటే 3.3 సీఎఫ్‌టీ. ఆరు గుంజలు 3×3 అంగుళాలవి, ఒక్కోటి ఏడడుగులు వేసుకుంటే 2.6 సీఎఫ్‌టీ. పై ఫ్రేము, వాసాలు, గోడ మధ్యలో వచ్చే పట్టీలు 3×2 అంగుళాలవైతే అన్నీ కలిపి నాలుగు సీఎఫ్‌టీ లోపే. గోడలకు ముప్పావు అంగుళం పలక కొడితే తలుపు వదిలేసి సుమారు 165 చదరపు అడుగులు, అంటే పది సీఎఫ్‌టీ పైనే. ఎముకల గూడుకు ఎంత కర్ర కావాలో చర్మానికీ అంతే కావాలన్నమాట.

ఈ ఇరవైలో నేల తడి, చెద, చిమ్ము నీళ్లు తగిలేవి నేల ఫ్రేము, గుంజలు మాత్రమే. ఆ ఆరు సీఎఫ్‌టీకి మంచి టేకు కొనండి. పైన చూరు కింద దాక్కునే వాసాలకు, పట్టీలకు వేప, నల్లమద్ది లాంటివి చాలు. గోడలకు ఇంకా తేలికైనది, చవకైనది వాడుకోవచ్చు. పలక పాడైతే ఊడదీసి ఇంకోటి కొట్టొచ్చు, నేల ఫ్రేము పాడైతే షెడ్డంతా విప్పాలి. డబ్బు కింది అడుగులో పెట్టండి, మిగిలింది పైకప్పుకు పెట్టండి. మధ్యలో ఎంత పొదుపు చేసినా షెడ్డు నిలుస్తుంది.

డిపోలో చూపించేదంతా టేకే అంటారు. మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

టేకు అన్న పేరు ఒక్కటే చూడకండి, చేవ చూడండి. మానులో లోపలి భాగం బంగారు గోధుమ రంగులో, కాస్త జిడ్డుగా, తోలు వాసనతో ఉంటుంది. అదే చేవ. చుట్టూ ఉండే తెల్లటి పొరకు ఆ గుణాలేవీ లేవు. చెద దాన్ని మామిడి చెక్కను తిన్నట్టే తినేస్తుంది. తోటల్లో పెంచి తొందరగా కొట్టేసిన చెట్లలో తెల్లపొర ఎక్కువ, చేవ తక్కువ. అడవిలో నెమ్మదిగా పెరిగిన పాత మానులో చేవ ఎక్కువ. బల్లార్షా టేకుకు, మన ఆదిలాబాద్ టేకుకు పేరు వచ్చింది అందుకే. ఇప్పుడు డిపోల్లో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చిన టేకు కూడా చాలా ఉంటుంది. అది పనికిరాదని కాదు, కానీ దుంగ దుంగకూ తేడా ఉంటుంది. ఒక్కోటీ తిప్పి చూసుకోవాల్సిందే.

పైన రంగు పూసిన కర్రను నమ్మొద్దు. ఒక మూల చిత్రిక పట్టించి లోపలి రంగు చూడండి. రెండు చివర్లూ చూడండి: నడిమి నుంచి అంచుకు పోయే చీలికలుంటే ఆ ముక్క కొలతలోంచి తీసేయమనండి. చూపు సారించి అంచు వెంబడి చూస్తే వంపు తెలిసిపోతుంది. కొలతలో ఇంకో మెలిక ఉంది. 4×3 అని కోసిన కర్ర చిత్రిక పట్టాక రెండు వైపులా కాస్త తగ్గుతుంది. డబ్బు మాత్రం కోత కొలతకే కడతారు. ఇది మోసం కాదు, ముందే అడిగి తెలుసుకుంటే చాలు. బిల్లు తప్పకుండా తీసుకోండి. అడవి కలప రవాణాకు అనుమతి పత్రాలుంటాయి, సక్రమంగా వచ్చిన కలప అమ్మేవారు బిల్లుకు వెనకాడరు.

టేకు కాకుండా మన దగ్గర దొరికే కర్రల్లో ఏవి పనికొస్తాయి?

నల్లమద్ది బలమైనది, బరువైనది. ఆరేటప్పుడు పగుళ్లు తీసే గుణం ఉంది. బాగా ఆరిన ముక్క దొరికితే వాసాలకు, దూలాలకు నిక్షేపంగా ఉంటుంది.

వేపను ఊళ్లలో దర్వాజాలకు వాడుతూనే ఉన్నారు. చేదు వల్ల పురుగు కాస్త దూరంగా ఉంటుంది, అయితే చెద అస్సలు ముట్టదనుకోవడం భ్రమ. వంపులు తిరిగే కర్ర కాబట్టి పొడుగు ముక్కలకు ఆశపడకుండా నాలుగైదడుగుల పట్టీలకు వాడండి.

నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన కర్ర. గట్టిదనానికి తిరుగులేదు. పచ్చిగా ఉన్నప్పుడే కోయించి, రంధ్రాలు ముందే వేయించుకోవాలి. ఆరాక మేకు దిగదు. కొట్టిన మానును నెలల తరబడి నీళ్లలో నానబెట్టడం పాత పద్ధతి. అలా నానిన కర్రకు పుచ్చు పట్టడం తక్కువ.

పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే తాటి వాసాలు కనిపిస్తే వదలకండి. ముదురు తాటి కర్రలో నల్లటి నారతో ఉన్న పై భాగం ఇనుములా ఉంటుంది. లోపలి మెత్తటి భాగం చెక్కేసి వాడాలి.

సిల్వర్ ఓక్, మామిడి, రబ్బరు చెక్క, పైన్: ఇవన్నీ లోపలి అరలకు, వాన తగలని చోట్లకు. రబ్బరు చెక్కకు పుచ్చు తొందరగా పడుతుంది, మందు పట్టించినదే కొనాలి. జామాయిల్ కర్ర మెలి తిరుగుతుంది. సరుగుడు బాదులు సెంట్రింగ్ పనికి బాగుంటాయి, నేలలో పాతితే మాత్రం చెదకు విందే.

చెదల సంగతేమిటి? మందు కొట్టిస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌లో కర్ర పని చేసే ఎవరిని అడిగినా ముందు చెప్పేది చెదల గురించే. వీటి గూడు నేలలో ఉంటుంది. వెలుతురు, పొడి గాలి వాటికి పడవు కనుక మట్టితో సన్నటి గొట్టం కట్టుకుంటూ కర్ర దాకా వస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం సమస్య తీరుతుంది. మీ కర్ర నేలకు తగలకుండా ఉంటే, చెద రావడానికి ఆ మట్టి గొట్టం ఒక్కటే దారి. ఆ దారి మీ కంటికి కనిపించేలా షెడ్డు కట్టుకుంటే చాలు.

అందుకే గుంజలను మట్టిలో పాతకండి. కాంక్రీటులో పాతినా అంతే. కాంక్రీటుకు, కర్రకు మధ్య నీళ్లు నిలిచి అక్కడే కుళ్లుతుంది. షెడ్డు అడుగు నేల నుంచి కనీసం తొమ్మిది అంగుళాలు ఎత్తులో ఉండాలి. అలా ఉంటే కిందకి వంగి చూడొచ్చు, చీపురుతో ఊడ్వొచ్చు. దిమ్మె మీద కర్ర కూర్చునే చోట జింకు రేకు ముక్కను అన్ని వైపులా రెండంగుళాలు బయటికి వచ్చేలా వేసి, అంచులు కిందికి వంచండి. దాన్ని దాటాలంటే చెద గొట్టం రేకు అంచు చుట్టూ తిరిగి రావాలి, అప్పుడది మీకు కనబడుతుంది. నెలకోసారి చూసి గొట్టం కనిపిస్తే గీకేయండి.

ఇక మందు. పునాది గుంతల్లో, దిమ్మెల చుట్టూ పోయడానికి క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి వాడతారు. పక్కనే ఆకుకూరల మడులు, బావి, ఇంకుడు గుంత ఉంటే నేలలో మందు పోయించే ఆలోచన మానుకోండి. ఎత్తు, రేకు, నెలవారీ చూపు చాలు. కర్రకు పూసే వాటిలో బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం మనుషులకు ఇబ్బంది తక్కువ, పుచ్చుకు బాగా పనిచేస్తుంది. కానీ అది నీళ్లలో కరిగేది కనుక వానకు కొట్టుకుపోతుంది. లోపలి వైపు కర్రకు పూసి, బయటి వైపు రంగుతో మూసేయాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు ఎక్కించిన ఆకుపచ్చ కర్ర చాలా ఏళ్లు మన్నుతుంది. అయితే దాన్ని కూరగాయల మడులకు ఆనించొద్దు, మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టొద్దు. ఆ పొగ విషం.

అన్నిటికంటే ముఖ్యం, షెడ్డు గోడకు ఆనించి ఎరువు కుప్ప, ఎండుటాకులు, పాత అట్టపెట్టెలు పెట్టకండి. చెదకు అది మీరు వేసి ఇచ్చిన మెట్ల దారి.

పునాదికి సిమెంటు దిమ్మెలా, రాళ్లా?

మీ నేల ఏదో ముందు చూడండి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ లాంటి చోట్ల అడుగు తవ్వగానే గ్రానైట్ పరుపు తగులుతుంది. అక్కడ గుంతల ప్రయాస వద్దు. రాయికి రంధ్రం వేసి యాంకర్ బోల్టుతో గుంజ అడుగును పట్టుకునే ఇనుప బూటును బిగించుకోవచ్చు. ఎర్ర మట్టి, మొరం ఉన్న చోట అడుగున్నర లోతు గుంత, కాంక్రీటు దిమ్మె చాలు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌసుల్లో నల్లరేగడి ఉంటే జాగ్రత్త. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. పైపైన పెట్టిన దిమ్మెలు ఏటా కాస్త కాస్త కదిలి తలుపు పట్టేస్తుంది. గట్టి పొర తగిలేదాకా తవ్వి, గుంతను మొరంతో పొరలు పొరలుగా దిమ్మిసా కొట్టి నింపాక దిమ్మె వేయాలి.

కంచెలకు వాడే రాతి కడీలు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. వాటిని ముక్కలు చేయించి దిమ్మెలుగా పాతుకుంటే కాంక్రీటుతో పనే లేదు. రాయికి చెద పట్టదు, తుప్పు పట్టదు, రేపు షెడ్డు తీసేసినా రాయి ఇంకో పనికొస్తుంది. కాంక్రీటే వేస్తే, తడిగా ఉండగానే ఐదు మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో వెల్డర్ చేత చేయించిన ‘యూ’ ఆకారపు బూటును అందులో నిలపండి. గుంజ అడుగుకు, బూటుకు మధ్య వేలు పట్టేంత సందు ఉంటే నీళ్లు నిలవవు.

లోపల నేలకు తాండూరు బండలు వేస్తే కడగడానికి సులువు. అప్పుడు కర్ర నేల అవసరం ఉండదు, అడ్డ దూలాల కర్ర కూడా మిగులుతుంది. బండల మధ్య సందులు మాత్రం సిమెంటుతో పూర్తిగా మూసేయాలి, చెద వచ్చే దారి అక్కడే.

లోతట్టు కాలనీల వారికి ఒక మాట. 2020 అక్టోబరు వానలకు మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గుర్తుంటే, తొమ్మిది అంగుళాలు కాదు, ఆ గీత దాటేలా కట్టండి.

గోడలకు ప్లైవుడ్ కొట్టేస్తే పని తొందరగా అయిపోతుంది కదా?

అవుతుంది. ఎండా వానా తగిలే గోడకు కమర్షియల్ ప్లై మాత్రం వద్దు, రెండు వానాకాలాల్లో పొరలు విచ్చుకుంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కొనండి. ఐఎస్ 303 అనే ముద్ర ఇంటి లోపలి పనులకు చేసిన ప్లైది. మెరైన్ ప్లైలో కూడా జిగురుకే నీళ్ల భయం లేదు, అంచులు నీళ్లు పీలుస్తాయి. కోసిన ప్రతి అంచుకూ రెండు మూడు పూతలు ప్రైమర్ పట్టించాలి. ఎనిమిది బై నాలుగు షీటు కొలతకు తగ్గట్టు షెడ్డు కొలత పెట్టుకుంటే ముక్కలు వృథా కావు. మన ఎనిమిదడుగుల గోడకు రెండు షీట్లు నిలువుగా సరిగ్గా సరిపోతాయి.

నా మనసు మాత్రం పలకల గోడ వైపే ఉంటుంది. పై పలక కింది పలక మీదికి అంగుళం ఎక్కేలా అడ్డంగా కొడితే నీళ్లు లోపలికి రావు. ఒక్కటి పాడైతే ఒక్కటే మార్చుకోవచ్చు.

ఫ్యాక్టరీల దగ్గర అమ్మే ప్యాకింగ్ చెక్క వాడొచ్చా?

గోడలకు బాగా పనికొస్తుంది. విదేశీ యంత్రాలు వచ్చే పెట్టెలు, ప్యాలెట్లు ఎక్కువగా పైన్‌వి. జీడిమెట్ల, బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల చుట్టుపక్కల పాత చెక్క అమ్మేవారి దగ్గర అడగండి. విదేశాల నుంచి వచ్చిన చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగును చంపినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినది, వదిలేయండి. నూనె, రసాయనాల మరకలున్నవి కూడా వద్దు. మేకులన్నీ పీకాకే మిల్లుకు ఇవ్వండి. ఒక్క మేకు మిగిలినా రంపం బ్లేడు పోతుంది, పక్కనున్న మనిషికి ప్రమాదం.

వెదురు?

ముదురు బొంగు అయితే సరే. లేతదానికి పుచ్చు పట్టి పసుపు పొడి రాలుతూనే ఉంటుంది. బోరాక్స్ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టినది తెచ్చి, వాన నేరుగా పడని గోడకు తడికెలా వేసుకోండి. గుంజలకు వద్దు.

పైకప్పుకు ఏది మంచిది?

హైదరాబాద్‌కు ఏడాదిలో పడే వాన ఇంచుమించు 800 మిల్లీమీటర్లు. కోనసీమతో పోలిస్తే తక్కువే, కానీ పడినప్పుడు గంటలో కుంభవృష్టి. దానికి ముందు ఏప్రిల్, మే గాలిదుమారాలు. కాబట్టి పైకప్పుకు రెండు పరీక్షలు: నీళ్లు వేగంగా జారిపోవాలి, గాలికి లేచిపోకూడదు.

చిన్న షెడ్డుకు కలర్ కోటింగ్ ఉన్న ఇనుప రేకు నా మొదటి ఎంపిక. అర మిల్లీమీటరుకు దగ్గరగా ఉన్న మందమే అడగండి. పలచటి రేకు వడగళ్లకు సొట్టలు పడుతుంది, మనిషి మోకాలు పెడితే వంగిపోతుంది. ఆరడుగుల వెడల్పులో అడుగు వాలు ఇచ్చాం, రేకుకు అది చాలు. రబ్బరు వాషరున్న స్క్రూలను రేకు ఉబ్బెత్తు మీద బిగించాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి. గాలి ఎత్తేది అంచునే. వాసాలను పై ఫ్రేముకు, పై ఫ్రేమును గుంజలకు, గుంజలను బూటుకు ఇనుప పట్టీలతో, బోల్టులతో కట్టేయాలి. గొలుసులో ఒక్క కొక్కెం వదిలేసినా రేకులతోపాటు వాసాలూ పక్కింట్లో పడతాయి.

ఎండకు రేకు కింద కొలిమిలా ఉంటుంది. గోడకు, పైకప్పుకు మధ్య చూరు కింద నాలుగంగుళాల సందు వదిలి దోమల జాలీ కొడితే వేడి బయటికి పోతుంది. రేకు మీద తెల్లటి కూల్‌రూఫ్ రంగు వేసినా తేడా తెలుస్తుంది.

మంగళూరు పెంకు చల్లగా, అందంగా ఉంటుంది. ఒక్కో పెంకు రెండు కిలోలకు పైనే, చదరపు మీటరుకు పదిహేను దాకా పడతాయి. వాలు బాగా ఎక్కువ కావాలి, వాసాలు లావవ్వాలి, కోతుల బెడద ఉన్న కాలనీల్లో పెంకు నిలవదు. ఆస్బెస్టాస్ ఉన్న సిమెంటు రేకులను వాడకండి. కోసేటప్పుడు, పగిలినప్పుడు లేచే పోగుల దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

చూరు నాలుగు వైపులా అడుగైనా ఉండాలి, పడమర వైపు అడుగున్నర. మధ్యాహ్నపు ఎండ, నైరుతి జల్లు రెండూ అటే కొడతాయి. గోడ పలకల ఆయుష్షును పెంచేది రంగు కంటే చూరే.

మేకులు, స్క్రూలు, కబ్జాల విషయంలో జాగ్రత్తలు?

మామూలు ఇనుప మేకు టేకు, తుమ్మ లాంటి కర్రల్లోని వగరు పదార్థంతో కలిసి తడికి నల్లటి మరకలు తెస్తుంది, తర్వాత తుప్పు పట్టి చుట్టూ కర్రను వదులు చేస్తుంది. జింకు పూత ఉన్నవి లేదా 304 రకం స్టీలు స్క్రూలు వాడండి. రాణిగంజ్‌లోనో బేగంబజార్‌లోనో డబ్బాల లెక్కన కొంటే ధర తగ్గుతుంది. గట్టి కర్రకు ముందు డ్రిల్లుతో సన్నటి రంధ్రం వేయకపోతే చివర్లు చీలిపోతాయి.

తలుపుకు మూడు కబ్జాలు పెట్టండి. బద్దెల తలుపులో ఏటవాలు పట్టీ కింది కొస కబ్జా వైపు, పై కొస గడియ వైపు ఉండాలి. తిరగేసి కొడితే తలుపు జారుతుంది. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది కాబట్టి చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదలాలి.

ఏ కాలంలో కొనాలి, ఏ కాలంలో కట్టాలి?

చలికాలం చివర కొని ఎండలు ముదిరేలోపు కట్టడం సుఖం. కర్రలో తేమ 12 శాతం దగ్గరకు వచ్చి ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటరుకుండే రెండు ముళ్లను కర్రలో గుచ్చి చూడటమే. 20 శాతం దాటితే బూజు, కుళ్లు మొదలవుతాయి. పలకలు పక్కపక్కన పేర్చే గోడైతే, ఎండాకాలంలో కొడుతున్నప్పుడు పలకల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి, వానలకు అవి ఉబ్బి దగ్గరవుతాయి. వానాకాలంలో కొడితే ఆనించి కొట్టండి, తర్వాత అవే విడిపోతాయి.

రంగా, వార్నిషా, నూనెనా?

మెరిసే వార్నిష్ పొర మన ఎండకు పెచ్చులూడుతుంది. మళ్లీ వేయాలంటే అంతా గీకాలి. బయటి వాడకానికి చేసిన వుడ్ స్టెయిన్ లేదా కాచిన అవిసె నూనె కర్రలోకి ఇంకుతుంది, ఏడాదికో రెండేళ్లకో పైన ఇంకో పూత వేస్తే సరి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పరిచి ఆరబెట్టాలి. చవక కర్ర గోడకు ప్రైమరు, రెండు పూతల ఎనామెల్ మంచి రక్షణ. ఏది వాడినా పలకల కోసిన కొసలకు ముందు పూయండి, కర్ర నీళ్లు తాగేది కొసల నుంచే.

మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం చాలామంది అలవాటు. అందులో లోహాలు, మసి ఉంటాయి. వానకు కారి అదే మట్టిలోకి, అదే పాలకూర మడిలోకి దిగుతుంది. కూరలు పండించుకునే పెరట్లో ఆ పని దయచేసి చేయకండి.

మిద్దె తోటలో కూడా ఇలాంటి షెడ్డు కట్టుకోవచ్చా?

చిన్నది, తేలికైనది కట్టుకోవచ్చు. స్లాబుకు బోల్టులు దించితే వాటర్‌ప్రూఫింగ్ పోయి కింది గదిలో కారుతుంది. పిట్టగోడకు పట్టీలతో బిగించి, అడుగు ఫ్రేము మీద రాతి బండల బరువు పెట్టండి. కింద దూలం ఉన్న చోటే నిలపాలి. మిద్దె మీద గాలి ఎక్కువ కాబట్టి ఎత్తు ఆరడుగులు మించొద్దు.

అనుమతి అవసరమా?

ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో 2012 నాటి భవన నిబంధనలు, అంటే జీఓ 168, చెబుతాయి. ఆ ఖాళీలో కట్టేముందు మీ మున్సిపల్ సర్కిల్ టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడగండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే అసోసియేషన్‌తో కూడా మాట్లాడండి.

గాలివానకు మా పెరట్లో వేపచెట్టు పడిపోయింది. ఆ కర్రే వాడుకోవచ్చా?

నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. పడిపోయినదైనా ఫొటోలు తీసి అటవీ శాఖకు తెలియజేశాకే మిల్లుకు తరలించడం మంచిది. మాను పచ్చిగా ఉండగానే అంగుళం, రెండంగుళాల పలకలు కోయించండి. కొసలకు వెంటనే పెయింటు పూయండి, లేకపోతే నెర్రెలు పడతాయి. నీడలో, గాలి ఆడే చోట, ఇటుకల మీద ఎత్తుగా పేర్చి, ప్రతి వరస మధ్యా ఒకే మందం ఉన్న బద్దెలు ఒకదాని మీద ఒకటి నిలువు గీతలో వచ్చేలా పెట్టండి. పైన బరువైన రాళ్లు పెడితే వంపు తగ్గుతుంది. రేకు కప్పండి కానీ పక్కలు మూయకండి. అంగుళం పలకకు ఏడాది ఆరడం మంచిది. ఆలోగా దిమ్మెలు, నేల ఫ్రేము పని ముగించుకోవచ్చు.